భరత్ మెచ్చిన విమానం సినిమా

భరత్‌కు పెళ్లిచూపులు కొత్త కాదు. ఇది ఐదోసారి. మొదటి నలుగురూ వద్దన్నప్పుడు ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడు. పరకాల అమ్మాయి వినోద వద్దంటే మాత్రం తిండి సహించదని, ఆమెను చూసి వచ్చిన రోజే అతనికి తెలిసిపోయింది.

"ఇద్దరు ఒక సినిమాకు పోయి మాట్లాడుకోండ్రి. సాయంత్రానికల్లా పిల్ల ఏదో ఒక మాట చెప్తది" అన్నాడు వినోద తండ్రి. తోడుగా అమ్మమ్మ సరస్వతమ్మను పంపించాడు.

"ఏ సినిమా బాగున్నది?" అని వినోద ఫోన్లో అడిగినప్పుడే కొంప మునిగింది. భరత్‌ది హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం. ఏ గిన్నె చేతికిచ్చినా "మా ఇంట్ల గూడ ఇదే వాడుతం" అనడం తాతల నాటి అలవాటు. వాడుతున్నామని చెప్పినవన్నీ నిజంగా ఇంట్లో ఉంటే ఇంటిల్లిపాదీ రోడ్డు మీద పడుకోవాలి. ఆ నోటితోనే, పోస్టర్ తప్ప ఏమీ చూడని విమానం సినిమా గురించి కూడా చెప్పేశాడు.

"మొదటి రోజే చూసిన. సూపరున్నది. మీకోసం రెండోసారి చూస్త."

హాల్లో అమ్మమ్మ ఇద్దరి మధ్యలో కూర్చుంది. ఖిలా వరంగల్ గోడలకైనా అక్కడక్కడా సందులున్నాయి గానీ ఆమె పక్కన లేవు.

తెర మీద పద్దెనిమిది మంది దొంగలు విమానాన్ని హైజాక్ చేశారు. హీరో ఒక్కడే. దొంగలు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరసగా వచ్చి, ఎవరి తన్నులు వాళ్లు తిని పక్కకు పోతున్నారు. హీరో రెక్క మీద నడిచాడు. క్రాఫు చెదరలేదు.

"డ్రైవర్ ఏడి బిడ్డా?" అంది అమ్మమ్మ.

"కొట్టి పండవెట్టిండ్రు అమ్మమ్మా."

"మరి బండి ఎవలు నడుపుతాండ్రు?"

ఆ సంగతి సినిమా తీసినవాళ్లకూ తెలిసినట్టు లేదు.

అమ్మమ్మ వెనక నుంచి వినోద వంగి చూసింది. "మీకు ఇండ్ల ఏం నచ్చింది?"

"ఫైట్లు" అన్నాడు. అంతకన్నా బుర్ర పనిచేయలేదు.

ఇంటర్వెల్‌లో అమ్మమ్మకు సమోసాలు తేవడానికి ఇద్దరూ బయటికొచ్చారు. వాన దంచి కొడుతోంది.

"తర్వాత ఏమైతది? మీరు చూసిండ్రు కదా" అంది వినోద.

"హీరో బాత్రూంల దాక్కుంటడు" అన్నాడు భరత్, నోటికొచ్చింది. "ఆయనకు విమానమంటే జర భయం. ఒక ముసలామె కారంపొడి కొట్టి దొంగలందర్ని కూసోవెడ్తది. అంతా అయినంక ఈయన బయటికొచ్చి, నేనే ప్లాన్ చేసిన అంటడు."

వినోద సమోసా కొరకడం మరిచిపోయి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పది అబద్ధాలైనా ఆడొచ్చనిపించింది భరత్‌కు. బుద్ధి ఎక్కడికి పోతుంది?

సెకండ్ హాఫ్‌లో బాత్రూమూ లేదు, ముసలామె కూడా రాలేదు. హీరోయే అందర్నీ కొట్టి, హీరోయే విమానాన్ని తెచ్చి వరిపొలంలో దించాడు. వినోద ఒక్కసారి ఇటు చూసింది. భరత్ సీట్లో ఇంకాస్త కిందికి జారాడు.

బయట అమ్మమ్మను ఆటోలో కూర్చోబెట్టాక వినోద గొడుగు విప్పకుండానే ఆగింది.

"మీరు సినిమా చూడలే."

"చూడలే."

"మరెందుకు చెప్పిండ్రు?"

"దుకాణం నోరు. మీరు అడిగితే తెల్వదు అనబుద్ధి కాలే."

"అయితే మీ గురించి చెప్పిన దాంట్ల ఎంత నిజం?"

దాచి లాభం లేదు. "రోజూ వాకింగ్ పోత అన్న. పోను. వంట వస్తదన్న. చాయ్ ఒక్కటే వస్తది, అది గూడ మా అమ్మ తాగది. నలుగురు నన్ను వద్దన్నరు, ఆ ముచ్చట చెప్పనేలే. మీరు గూడ వద్దంటరని రెండు రోజులసంది నిద్ర లేదు. మీరంటే నాకు ఇష్టం. ఇది మాత్రం దుకాణం మాట కాదు."

వినోద గొడుగు విప్పింది. వద్దన్నవాళ్ల లెక్కలో భరత్ తనకు తానే ఐదో నంబరు వేసేసుకున్నాడు.

"ఇంటర్వెల్‌ల మీరు చెప్పిన కథనే బాగుండె" అంది వినోద. "ఈ సినిమా నిజంగనే నచ్చిందంటే వద్దందామనుకున్న. అబద్ధాలు మాన్పియ్యొచ్చు. ఇది సూపరున్నది అనేటోన్ని ఏం జేస్తం?"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. తండ్రి.

"ఆఁ బాపూ. అయిపోయింది. సినిమా ఒట్టి దండుగ." భరత్ వైపు చూసి గొంతు తగ్గించింది. "పంతుల్ను అడిగి మంచిదినం చూడు."