మూసిన తలుపు వెనుక 137

ఉదయం 11:05.

కూతురు తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. మంచం పక్కన తల్లి బోర్లా పడి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

వీధిలో అందరూ ఆమెను గుండీల మామ్మ అనేవారు. నలభై ఏళ్లు కుట్టుపని చేసిన మనిషి. ఒంటరిగా ఉంటోంది. మున్సిపాలిటీ పెట్టిన వృద్ధుల సేవలో భాగంగా రోజూ ఒక నర్సు వచ్చి బీపీ చూసి, మాత్రలు వేయించి వెళ్తుంది.

ఎస్సై వచ్చేసరికి 11:30. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, ఎవరినీ ఊరికే నమ్మదు. డాక్టరు తన అంచనా చెప్పాడు. ఎనిమిదిన్నర ప్రాంతంలో పక్షవాతం వచ్చి పడిపోయింది. ప్రాణం పోయింది పది దాటాకే. పదింటికైనా ఆసుపత్రికి చేర్చి ఉంటే దక్కేది.

కానీ మున్సిపల్ ఆఫీసు కంప్యూటర్లో ఇంకోలా ఉంది. 9:20. నర్సు చూసింది. బీపీ 137/83. కులాసా.

నేల మీద పడి ఉన్న మనిషి కులాసాగా ఎలా ఉంటుంది?

నర్సు రాకుండానే వచ్చినట్టు రాసిందని కూతురు మండిపడింది. నర్సు మాట వేరు. నాలుగుసార్లు తలుపు తట్టింది. ఎవరూ తీయలేదు. పద్ధతి ప్రకారం పసుపు చీటీ మీద ‘తలుపు తీయలేదు’ అని రాసి, 9:45కి ఆఫీసులో సూపర్‌వైజర్ చేతికిచ్చి తర్వాతి ఇంటికి వెళ్లింది. చీటీ అందగానే ఇంటివాళ్లకు ఫోన్ చేయాల్సింది ఆఫీసే.

సూపర్‌వైజర్ మాత్రం చీటీ మొహమే చూడలేదన్నాడు.

ఎస్సైకి ముగ్గురి మీదా అనుమానమే. పక్క వీధిలోనే ఉండే కూతురు పదకొండు దాకా ఎందుకు రాలేదు? రోజూ అన్నం తెచ్చే వేళ అదేనట. నర్సు దగ్గర చీటీ నకలు ఎందుకు లేదు? ఎవరికీ ఇవ్వరట. అందరి దగ్గరా జవాబులున్నాయి. సాక్ష్యాలే లేవు. కంప్యూటర్ మాటే నిజమైతే నర్సుకు ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా తప్పదు.

మధ్యాహ్నం 1:10. ముగ్గురినీ ఆఫీసులో కూర్చోబెట్టింది. సూపర్‌వైజర్ కుర్చీ వెనక గోడ మీద పెద్ద బోర్డు. తప్పిన ఇళ్లు: సున్నా. వరుసగా 212 రోజులు. ఆయన దాన్ని రెండుసార్లు వేలితో చూపించాడు కూడా.

ఎస్సై నర్సు వైపు చెయ్యి చాపింది. "నాకు బీపీ చూడమ్మా."

నర్సు పట్టీ చుట్టి, గాలి కొట్టింది. డయల్ మీద ముల్లు మెల్లగా దిగింది. "నూట ఇరవై నాలుగు, డెబ్బై ఎనిమిది మేడం."

"నూట ఇరవై అయిదు అని రాయకూడదా?"

"రాయం మేడం. దీని మీద రెండేసికి ఒక గీత. మధ్యలో ఊహించి రాయొద్దని ట్రైనింగ్‌లోనే చెప్పారు. అందరి దగ్గరా ఈ మిషన్లే."

ఎస్సై కంప్యూటర్ తెర అందరి వైపు తిప్పింది. పది నెలలుగా ఈ నర్సు రాసినవన్నీ సరిసంఖ్యలే. ఇవాళ్టి 137/83 మాత్రమే బేసి. పైగా అది ఎక్కింది 9:52కి, సూపర్‌వైజర్ కంప్యూటర్ నుంచి. ఆ సమయంలో నర్సు మరో ఇంట్లో మాత్రలిస్తోంది. ఆ ఇంటివాళ్లే ఆ మాట చెప్పారు.

"ఈమె పాస్‌వర్డ్ మీకు తెలుసు. నూట నలభై లాంటి రౌండ్ అంకె వేస్తే అనుమానం వస్తుందని 137 వేశారు. మిషన్ పట్టుకున్న చెయ్యి ఆ అంకె వేయదు."

అతితెలివి కొంప ముంచిందని సూపర్‌వైజర్‌కు అర్థమైంది. చీటీ అందిందని ఒప్పుకున్నాడు. ఫోన్ చేస్తే ఆ ఇల్లు తప్పినట్టు లెక్కలోకి వస్తుంది, బోర్డు మీద సున్నా పోతుంది. ఆఫీసు మీటింగ్ అయ్యాక ఎవరినో ఒకరిని పంపుదామనుకున్నాడట.

"తాళంచెవి నా దగ్గరే ఉంది కదండీ," అంది కూతురు. "ఒక్క ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో వచ్చేదాన్ని."



ఎస్సైకి కేసు తేలింది, మనసు మాత్రం తేలికపడలేదు. ఒక అబద్ధంతో 212 రోజులు గడుస్తాయా? మళ్లీ తెర వైపు తిరిగింది. ఇవాళ్టి జాబితాలో మిగతా నర్సుల పేర్ల మీద ఉన్న ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చింది. అన్నీ సరిసంఖ్యలే. ఒకచోట వేలు ఆగింది.

10:15. రిటైరైన లైన్‌మన్. బీపీ 149/91. కులాసా.

"ఇది కూడానా?" అని అడిగింది.

సూపర్‌వైజర్ అవునన్నట్టు తలూపాడు. ఎస్సై అప్పటికే మెట్లు దిగుతోంది. నర్సు బ్యాగు తీసుకుని వెంట పరిగెత్తింది. ఎవరూ పిలవకపోయినా కూతురు కూడా జీపెక్కింది.

1:58కి కానిస్టేబుల్ తలుపు పగలగొట్టాడు. బాత్‌రూమ్ గడప మీద పెద్దాయన పడి ఉన్నాడు. తుంటి విరిగింది. పెదాలు ఎండిపోయాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నర్సు పక్కన కూలబడి, తడి గుడ్డతో ఆయన పెదాలు తడిపింది.

"పొద్దున తలుపు తట్టడం వినిపించిందమ్మా," అన్నాడాయన, కూడదీసుకుని. "గొంతు పెగల్లేదు. ఎవరో ఒకరు మళ్లీ వస్తార్లే అని చూస్తూ ఉన్నా."

గుమ్మంలో నిలబడ్డ కూతురు ఆ మాట విని చేతిలోని తాళంచెవిని చూసుకుంది. తన తల్లికి కూడా ఆ నాలుగుసార్లూ వినిపించే ఉంటుంది.