రిసీవర్ కింద పెట్టకండి

"రిసీవర్ కింద పెట్టకండి సార్. పెడితే ఇల్లు గాల్లోకి లేచిపోతుంది."

గుమ్మంలోంచే చెప్పాడు ఏజెంట్ మునిశేఖర్. ఒంటి మీద కేబుల్ మెకానిక్ యూనిఫాం. టూల్ బ్యాగులో పిస్టల్. తిరుపతిలోని ఆ ఇంటి హాల్లో రాడార్ శాస్త్రవేత్త యతిరాజులుగారు నల్లటి రిసీవర్ చెవికి ఆనించుకుని, మాట్లాడే వైపు అరచేత్తో మూసి, చెమటతో తడిసిపోతున్నారు.

"తెలుసు నాయనా. అవతలివాడూ అదే చెప్పాడు. పులికాట్ ఒడ్డున ఉన్న మా రాడార్ కోడ్ చెప్పమంటున్నాడు."

"చెప్పారా?"

"చెప్పను. కానీ ఈ రిసీవర్ ఎంతసేపని పట్టుకోను?"

ముచ్చటపడి కొనుక్కున్న ఫోన్ అది. పైకి తాతలనాటి డయల్ ఫోన్. లోపల సిమ్, బ్లూటూత్, వాయిస్ కమాండ్. వాటి కింద, తడ గోడౌన్‌లో విదేశీ ముఠా కూరిన పేలుడు మందు. డయల్ దానంతటదే చివరిదాకా తిరిగి, ఇప్పుడు కిర్రుమంటూ ఒక్కో అంకె వెనక్కి వస్తోంది. మొదటికి చేరిందంటే అంతే. జామర్ పెడితే సిగ్నల్ తెగుతుంది. తెగినా పేలుతుంది.

మిగిలిన ఆశ గ్రేసీ ఒక్కతే. ముఠాకు సేల్స్ మేనేజర్, మనకు డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు తల మీదికి తోసుకుని ఆమె నడిచొస్తే నాయుడుపేట షోరూంలో కస్టమర్లు ధర అడగడం మరిచిపోయేవారు. ఈ ఫోన్లకు తెలుగు నేర్పిన గొంతు ఆమెదే. పోయిన వారం మునిశేఖర్ ఆమెను అక్కడే కలిశాడు.

"టోకెన్ ఉండాదా?" అంది కోడ్ ప్రకారం.

"క్యూలో ఉన్నాను."

"ఉన్నాడంట. ఏం శేఖరా, చిత్తూరు మాటంతా మింగేసినావా?" నవ్వుతూ అతని కాఫీలో చక్కెర వేసి, "సాలా?" అంది.

మింగక చస్తాడా. అకాడమీలో "సూడు" అన్నప్పుడల్లా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించారు. గూఢచారి నోట్లో ఊరు వినిపించకూడదట.

ఇప్పుడు అతని మొబైల్ కంపించింది. గ్రేసీ మెసేజ్: "నన్ను కనిపెట్టేశారు. ఆపే మాట నేనే రికార్డు చేశాను: చాలు. మూడోసారి తప్పితే పేలుతుంది."

వెంటనే ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్.

యతిరాజులుగారి అరచేయి తప్పించి, "చాలు" అన్నాడు.

"తప్పు," అంది ఫోన్, గ్రేసీ గొంతుతో, తియ్యగా. డయల్ మరో అంకె జరిగింది.

ఈసారి వార్తలు చదివినట్టు స్పష్టంగా పలికాడు. "చాలు."

"తప్పు."

యతిరాజులుగారు కళ్లు మూసుకున్నారు. "నువ్వెళ్లిపో నాయనా. మా ఆవిడ గుడికెళ్లింది, అదే అదృష్టం. ఆమెకొక మాట చెప్పు."

"ఏమని?"

"ఈ ఫోన్ వద్దని తను ముందే చెప్పింది. తనే రైటని."

మునిశేఖర్ కదల్లేదు. ఈ పెద్దాయన్ని వదిలి మెట్లు దిగితే ఇంకెప్పటికీ నిద్ర పట్టదు. డయల్‌కు ఒక్క అంకె మిగిలింది. "తప్పు" అన్న గ్రేసీ గొంతు ఇంకా చెవిలో తిరుగుతోంది. టైపు చేసేటప్పుడు ఎవరైనా 'చాలు' అనే కొడతారు. మరి నోటితో? కాఫీ కప్పు గుర్తొచ్చింది. ఈ ఊహ తప్పైతే ఇద్దరూ ఉండరు.

"సాలు."

ఎన్నేళ్లకో పలికిన మాట.

కిర్రుమనడం ఆగింది. "సరే," అంది ఫోన్. రిసీవర్లో అవతలి మనిషి కేక ఒకటి వినిపించింది, ఆ తర్వాత చప్పుడు లేదు.

యతిరాజులుగారు కుర్చీలో కూలబడ్డారు. రిసీవర్ మాత్రం వదల్లేదు. వదలమన్నా నమ్మలేదు.

కాసేపటికి మునిశేఖర్ మొబైల్‌కు కొత్త నంబరు నుంచి కాల్ వచ్చింది.

"శేఖరా, ఉండావా?"

"ఉండాను," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు యాడుండావు?"

"పులికాట్‌లో, పడవ మీద. ఫోన్‌లో కోడ్ అడగతా ఉండిన ముఠా నాయకుణ్ణి రొయ్యల వలలో సుట్టి పెట్టినాను. యాడికి తేవల్ల?"

ఆ కేసు రిపోర్టులో 'వాడిన ఆయుధం' అన్న చోట మునిశేఖర్ 'సాలు' అని ఒక్క మాట రాశాడు. హెడ్డాఫీసువాళ్లు అది రాతతప్పనుకుని 'చాలు' అని దిద్దుకున్నారు.