మూడో తాళంచెవి

పిచ్చుక పొద్దున్నే లేచి సంచి సర్దడం మొదలుపెట్టింది. పెద్ద కత్తెర, చిన్న కత్తెర, సుద్దముక్కలు, కొలతల టేపు, దారపు ఉండలు, పిన్నీసులు గుచ్చిన చిన్న దిండు. ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తూ లోపల పెడుతుంది, మళ్లీ బయటికి తీసి ఇంకో మూల దూరుస్తుంది. అరవై దాటిన మనిషి, మొదటిరోజు బడికి వెళ్లే పిల్లలా కాలు నిలవక తిరుగుతోంది. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పుడు పెట్టిన పేరు, ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

"అక్కా, నా బాబిన్ల డబ్బా ఏదీ?"

"నీ ఎదురుగానే ఉంది. కళ్లు నెత్తిన పెట్టుకుని వెతికితే ఎలా కనపడుతుంది?"

"నెత్తిన కాదులే, బస్సులో ఉన్నాయి నా కళ్లు."

అక్క నవ్వలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరూ కుట్టమని అడగని గుడ్డకు అంచు కుడుతోంది.

ఆ ముందుగదిలోనే అక్కాచెల్లెళ్లిద్దరూ జీవితమంతా నాటకాల బట్టలు కుట్టారు. రాజుల కోట్లు, దయ్యాల అంగీలు, సైనికుల టోపీలు. ఏ ఒక్కటీ వేదిక మీద వెలుగులో ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసింది లేదు. అలాంటిది, ఊరూరా తిరిగే నాటక బృందం ఒకటి బట్టలు చూసుకోవడానికి మనిషి కావాలని కబురు పెట్టింది. అక్క నోరు తెరిచేలోపలే పిచ్చుక "వస్తాను" అనేసింది. ఆ బస్సు ఇవాళే, పదకొండింటికి ఇంటిముందు ఆగుతుంది.

వీధిలో స్కూటరు ఆగిన చప్పుడు. తలమీద హెల్మెట్ తీయకుండానే మేనకోడలు లోపలికి దూసుకొచ్చింది. పళ్ల సెట్లు తయారుచేసే చోట పని ఆమెకి. చనిపోయిన తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. అత్తలిద్దరూ ఆమెను హడావిడి అనే పిలుస్తారు.

"చిన్నత్తా, నీ నీలంది తీసుకున్నావా? మాటల కార్డు వేరే చోట పెట్టావా? రెండూ ఒకే సంచిలో వద్దు! పెద్దత్తా, నీ ఎర్రది తే. నా పసుపుది కూడా. బస్సొచ్చేలోపు ఒకసారి రిహార్సల్ చేద్దాం."

మిషను చక్రం మీద అక్క చెయ్యి ఆగిపోయింది.

ఈ ఎరుపు, నీలం, పసుపుల వెనక ఓ కథ ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక బొమ్మలాట కంపెనీ మూతపడుతూ, కోట్లు కుట్టిన కూలికి చేతిలో డబ్బు లేక, కంప్యూటర్లలో మాత్రమే ఉండే క్రిప్టో నాణేలిచ్చి చేతులు జోడించింది. "గాలిలో నాణేలు, గాలికిచ్చినట్టే" అని అక్క వాటి సంగతే మరిచిపోయింది. వాటి విలువ మాత్రం కంటికి కనపడకుండానే పెరిగి, ఇద్దరి ముసలితనానికీ సరిపోయే నీడ అయ్యాయి. అప్పుడు హడావిడి పూనుకుని వాటికి సొంత వాలెట్, అంటే డబ్బు పెట్టె, చేసింది. వేలెడంత పరికరాలు మూడు, రంగుకొకటి. ఒక్కొక్కటీ ఒక్కో తాళంచెవి. ఒక్కదానితో పెట్టె తెరుచుకోదు. మూడింట్లో ఏ రెండు కలిసినా తెరుచుకుంటుంది. ప్రతిదానికీ ఇరవైనాలుగు మాటల కార్డు ఒకటి. పరికరం పోయినా పాడైనా, ఆ మాటలతో ఇంకో పరికరంలో తాళంచెవిని మళ్లీ బతికించుకోవచ్చు. మాటలే దొంగచేతిలో పడ్డాయా, తాళంచెవి ఇచ్చేసినట్టే.

హడావిడికి ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. తన మొదటి వాలెట్ మాటల్ని ఆమె ఫోనులో ఫొటో తీసి దాచుకుంది. ఎవడో ఫోనులోకి దూరి, తెల్లారేసరికి ఊడ్చుకుపోయాడు. అప్పట్నుంచీ ఒకటే పాట. "ఫొటో తీయొద్దు. ఎవరడిగినా చెప్పొద్దు. కంపెనీ వాళ్లమన్నా చెప్పొద్దు. నేనడిగినా సరే చెప్పొద్దు." ఓసారి పరీక్షకని ఆమే ఫోను చేసి అడిగితే, అక్క "ఎవత్తివే నువ్వు!" అని ఠకీమని పెట్టేసింది. ఆ మాట తలుచుకుని ముగ్గురూ ఎన్ని రోజులు నవ్వుకున్నారో.

"పెద్దత్తా, వినపడిందా? నా పసుపుది. ఇల్లు మారేటప్పుడు పోతుందేమోనని కార్డుతో సహా నీకిచ్చి వెళ్లాను కదా."

"ఉంటుందిలే ఎక్కడో. తర్వాత చూద్దాం."

"తర్వాతేంటి! చిన్నత్త దేశాలు పట్టుకుని తిరుగుతుంది. దారిలో నీలంది పోయిందనుకో, నీ ఎర్రదీ నా పసుపుదీ ఉంటేనే పెట్టె తెరుచుకునేది."

"గుండీల డబ్బాలో చూడండి" అంది అక్క, తలెత్తకుండా.

ఇక చూడాలి ఆ వెతుకులాట! గుండీల డబ్బాలన్నీ నేలమీద బోర్లించారు. హుక్కులు ఒకవైపు, జరీముక్కలు ఒకవైపు. పిచ్చుక బల్లకింద దూరింది. హడావిడి బీరువా మీదికెక్కి, ఏ కాలంనాటిదో ఒక దయ్యం ముసుగు తీసి తుమ్మింది.

"అక్కా, అది గుండీల్లో లేదే!"

"అయితే లేసుల పెట్టెలో చూడు."

"అక్కడా లేదు పెద్దత్తా! పసుపు రంగంటే బంతిపువ్వులా కొట్టొచ్చినట్టు కనపడాలి కదా, ఏమైనట్టు?"

బస్సొచ్చేదాకా వీళ్లను ఇలా డబ్బాల చుట్టూ తిప్పితే చాలు, చెల్లెలు వెళ్లిపోతుంది, మాట అక్కడితో ఆగిపోతుంది అనుకుంది అక్క. గోడగడియారం వంక దొంగచూపు చూసింది.

బల్లకింద నుంచి పిచ్చుక బయటికొచ్చింది. జుట్టునిండా దారప్పోగులు. సంచి దగ్గరికి నడిచి, జిప్పు లాగింది.

"ఏం చేస్తున్నావు?" అంది అక్క.

"విప్పేస్తున్నా. అది దొరక్కుండా నేనెలా వెళ్తానక్కా? నా చేతిలోది ఏ సత్రంలోనో పోతే, నీ ముసలితనం నా చేతుల్తో నేనే పోగొట్టినట్టవుతుంది. నాటకాలదేముంది, వచ్చే ఏడూ ఉంటాయి." అని పెద్ద కత్తెర తీసి బల్లమీద పెట్టింది. తర్వాత చిన్న కత్తెర. తర్వాత టేపు.

ఇన్నాళ్లూ అక్క కోరుకుంది ఇదే. చెల్లెలు సంచి విప్పాలి, బస్సు ఖాళీగా పోవాలి, సాయంత్రం ఎప్పటిలా రెండు మిషన్లూ ఒకదానికొకటి బదులు చెప్పుకోవాలి. కానీ టేపు చుడుతున్న పిచ్చుక మొహం చూడలేకపోయింది. ఇందాకటిదాకా దివిటీలా వెలిగిన మొహం, ఎవరో ఉఫ్‌మని ఊదేసినట్టుంది. అక్కకు వినపడకూడదని, ముక్కు చీదినట్టు నటిస్తూ ఏడుస్తోంది.

"వెతక్కండి" అంది అక్క. "అది లేదు."

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఇస్త్రీపెట్టెతో కొట్టి చెత్తలో పారేశాను. కార్డు పొయ్యిలో వేశాను."

బీరువా మీంచి హడావిడి దభీమని దూకింది. "పెద్దత్తా! రెండూనా?"

"ఎందుకక్కా?" అంది పిచ్చుక.

"మూడోది ఉంటే, మీ ఇద్దరికీ నాతో పని లేదు. అది లేకపోతే నేను కావాలి. ఎప్పుడో ఒకప్పుడు నీకు నాతో పనిపడి, ఈ గుమ్మం ఎక్కాలి కదా నువ్వు."

పిచ్చుకకు కోపం రావడం ఆ ఇంట్లో ఎవరూ చూసి చాలాకాలమైంది. "అయితే నేను మనిషిని కాదన్నమాట. పెట్టెలో పెట్టి తాళమేసుకునే సొమ్మునా? ఇన్నేళ్లూ నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టింది నీ మీద ప్రేమతో కాదూ? తాళమేస్తే తప్ప నిలవననుకున్నావా?"

"అమ్మ సంచి పట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. వచ్చిందా? తమ్ముడు ఊరొదిలి పనికి వెళ్లాడు. వచ్చాడా? చెప్పవే! ఈ గుమ్మం దిగి వెళ్లినవాళ్లలో తిరిగొచ్చింది ఎవరో ఒక్కరి పేరు చెప్పు!"

కుట్టుమిషను మీద తల వాల్చి ఆ పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చింది. పిచ్చుక కోపమంతా ఏమైపోయిందో, దారప్పోగుల తలతోనే వెళ్లి అక్క వీపు మీద చెయ్యి వేసింది.

హడావిడి నేలమీద గుండీల మధ్య కూలబడింది. మొట్టమొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది. "నాన్న వెళ్లిన రోజు నేను ఆయన సంచి దాచేశాను పెద్దత్తా. మంచం కింద, దుప్పటి కప్పి. సంచి లేకపోతే ఆగిపోతాడనుకున్నా. కాసేపు వెతికాడు. నవ్వి, చేతులూపుకుంటూ వెళ్లిపోయాడు. కప్పుకోడానికి దుప్పటైనా లేకుండా వెళ్లాడు. ఇప్పటికీ నన్ను తినేసేది అదే."

అక్క తలెత్తింది. మేనకోడలి మొహం చూసింది, సగం ఖాళీ అయిన సంచి చూసింది. లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుని, పెద్ద కత్తెర తీసి సంచిలో పెట్టింది.

"ఇప్పుడేం చెయ్యాలి? చెప్పవే హడావిడీ. నేను చేసిన కంపుకు మందుందా?"

"ఉంది!" హడావిడి మళ్లీ హడావిడి అయిపోయింది. "ఎర్రదీ నీలందీ ఈ గదిలో కలిసి ఉన్నంతసేపే ఉంది. చిన్నత్త బస్సెక్కిందా, ఇక అంతే. నా సంచిలో కొత్తది ఉంది, తెల్లది. దాన్ని మిగతా రెండింటితో కలిపి కొత్త పెట్టె చేద్దాం. పాతదాంట్లోంచి అన్నీ ఇందులోకి తోసేద్దాం. తలుపెయ్యి చిన్నత్తా! పెద్దత్తా, నువ్వు గోడవైపు తిరుగు!"

"నేనెందుకు?"

"తెల్లదాని మాటలు రాసుకుంటున్నా. అవి నువ్వు చూస్తే నీ దగ్గర రెండు తాళంచెవులున్నట్టు. కథ మళ్లీ మొదటికొస్తుంది."

అక్క గోడవైపు తిరిగి, దండనకు నిలబెట్టిన పిల్లలా నిలబడింది. పిచ్చుక కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు అక్కకూ నవ్వొచ్చింది.

"ఇప్పుడు దీన్ని చంపుతున్నా" అంది హడావిడి, తెల్లదాంట్లో ఉన్నదంతా చెరిపేస్తూ.

"ఇప్పుడే కదే పుట్టింది!" అంది పిచ్చుక.

"కార్డులో తప్పు రాశానో లేదో ఇప్పుడే తేలాలి. డబ్బు పడ్డాక తేలితే ఏం లాభం? చంపి, కార్డు చూసి బతికించాలి." ఆమె పెదవులు కదలకుండా మాటలు ఒక్కొక్కటే నొక్కింది. పరికరం మినుకుమని మేలుకుంది. "బతికింది! అక్షరం పొల్లుపోలేదు!"

వీధిలో బస్సు హారన్ మోగింది. బస్సు కిటికీలోంచి నాటక బృందం మేనేజరు కేక. "అమ్మా, తొందరగా! రాజుగారి కోటు చిరిగింది, దారిలోనే కుట్టాలి!"

"రాజుగారిని గుండీ పట్టుకుని కూర్చోమను!" అని పిచ్చుక లోపలినుంచే అరిచింది.

"ముందు గోరంత పంపుదాం" అంది హడావిడి. "అది క్షేమంగా చేరితేనే కొండంత. ఇటు తిరిగి కొత్త పెట్టె చిరునామా చదువు పెద్దత్తా. ఫోనులో ఉన్నదీ నీ ఎర్రదాని తెరమీద ఉన్నదీ ఒకటేనా? మొదలూ చివరా చూసి వదిలెయ్యకు."

సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం పెట్టుకుని అక్క ఒక్కో అక్షరం చదివింది. పక్కనే పిచ్చుక తన నీలందాని మీద వేలు నడుపుతూ "ఊఁ... ఊఁ..." అంటోంది. అక్క ఎర్రదాని బొత్తం నొక్కింది. పిచ్చుక నీలందాని బొత్తం నొక్కింది. ఇక కాచుకుని కూర్చోవడమే. బస్సు మళ్లీ మోగింది. పిచ్చుక జిప్పు వేసింది, తీసింది, వేసింది. ఫోను టింగుమంది.

"చేరింది!" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"ఇప్పుడు మొత్తం! మళ్లీ చదువు!"

అక్క మళ్లీ మొదట్నుంచీ చదివింది. బస్సు కాదు కదా, రైలే వచ్చి గుమ్మంలో నిలబడినా ఒక్క అక్షరం వదిలేలా లేదు. ఒక కాలు గడప బయట పెట్టి, భుజాన సంచితో, పిచ్చుక బొత్తం నొక్కింది. అక్క కూడా నొక్కింది.

"తెల్లది నా దగ్గర ఉంటుంది, కార్డు బ్యాంకు లాకర్లో ఉంటుంది" అంది హడావిడి. "ఇక మనలో ఏ ఇద్దరున్నా చాలు."

ఏ ఇద్దరున్నా. ఆ మాట అక్కకు ముల్లులా గుచ్చుకుంది. అయినా తలూపింది. చెల్లెలి జుట్టులోంచి దారప్పోగులు ఏరింది. బాబిన్ల డబ్బా బల్లమీదే ఉండిపోతే, పరుగున తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"పనిపడితేనే రానక్కరలేదు" అంది. "ఊరికే రా."

"రాజుగారి కోటు కుట్టేసి వచ్చేస్తా" అని పిచ్చుక ఒక్క ఉదుటున బస్సెక్కింది. కిటికీలోంచి నడుం దాకా వంగి, మలుపు తిరిగేదాకా కొలతల టేపు జెండాలా ఊపుతూనే ఉంది.

ఊరూరి నుంచీ ఫోను చేసేది. వేదిక పక్క చీకట్లో నిలబడి, తాము కుట్టిన జరీ దీపాల కింద ఎలా మెరుస్తోందో చెప్పి చెప్పి, అక్క చేత కూడా కేకలు పెట్టించేది. మొదటి ఏడు ఇంటికొచ్చే తీరిక దొరకలేదు.

చివరికి ఎర్రదీ తెల్లదీ కలిపి, అక్కా హడావిడీ ఆ పెట్టె తెరిచారు. నీలంది ఏ ఊళ్లో పోయిందో దొరకలేదు. పిచ్చుక తిరిగి రాలేదు. రెండో ఏడు, వానలు మొదలైన వారంలో, ఆట జరుగుతుండగా, వేదిక పక్కనే కన్నుమూసింది.