గల్లీ అంతటికీ ఒక్కటే కార్డు

"పండ్ల డాక్టర్లు నోట్లె పెట్టి చూసే చిన్న అద్దం ఉంటది చూడుండ్రి, గది ఒకటి కావాలె. మీ కార్డు మీద ఆర్డర్ పెడతరా?"

పొద్దంతా ఆస్పత్రి ల్యాబులో రక్తం శాంపిల్స్ చూసి, వానలో తడుచుకుంటూ ఇంటికొచ్చిన షెకినాకు గుమ్మం ముందే ఎదురైన ప్రశ్న ఇది. అడిగినవాడు నథానియేల్. ఈమధ్యే వాళ్ల చర్చికి రావడం మొదలుపెట్టాడు. చౌబారా బురుజు వెనక సందులో ఏదో రిపేరు దుకాణం నడుపుతాడని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు.

"నువ్వు పండ్ల డాక్టరువా?"

"కాదు."

"మరి ఎవరి నోట్లె చూస్తవ్?"

"మనిషి నోట్లె కాదులెండ్రి. చెప్తె నవ్వుతరు."

"నవ్వను, చెప్పు."

"ఇప్పుడే నవ్వుతుండ్రు," అని నూట యాభై రూపాయలు ఆమె చేతిలో పెట్టి, పది రూపాయల చిల్లర కూడా తీసుకోకుండా వానలోకి దిగిపోయాడు. షెకినాకు ఆ సాయంత్రం అన్నం సయించలేదు. తెలియని సంగతి తెలిసేదాకా నిలవలేని మనిషి ఆమె. లేకపోతే ల్యాబు పనికి ఎందుకు పోతుంది?

బీదర్‌లో ఆ గల్లీకంతటికీ క్రెడిట్ కార్డు ఉన్నది షెకినా ఒక్కదానికే. నాలుగు బ్యాంకుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఏడాది ఫీజు లేనిది చూసి మరీ తీసుకుంది. లిమిట్ అరవై వేలు. మొదట క్రిస్టోఫర్ బాబాయి వచ్చాడు. పండగ ఆఫర్లో కార్డుంటే ఫోను మీద పది శాతం తగ్గుతుందట. తర్వాత కమలాబాయి వాషింగ్ మెషిన్. ఆ తర్వాత గల్లీలో ఏ ఇంట్లో కొత్త సామాను దిగినా అది షెకినా కార్డు మీదుగానే దిగేది.

అందరూ మంచివాళ్లే. తేదీకి ముందే పైసలు తెచ్చిచ్చేవాళ్లు. షెకినా బ్యాంకుకు పూర్తిగా కట్టేసేది. ఒక్క రూపాయి వడ్డీ పడింది లేదు. ఎవరినీ కాదనడం ఆమెకు చేతకాదు. నిజం చెప్పాలంటే, అందరూ తన గుమ్మంలోకి రావడం ఆమెకు ఇష్టం కూడా.

నథానియేల్ మళ్లీ వచ్చాడు. ఈసారి రెండు మీటర్ల ఎర్ర ఫెల్ట్ గుడ్డ.

"దీనితోని ఏం జేస్తవ్?"

"అతికిస్తా."

"దేనికి?"

"గాలి పోకుండ."

పండ్ల అద్దం, ఎర్రగుడ్డ, గాలి. మూడింటినీ ఎట్లా కలిపినా షెకినాకు ఏమీ తేలలేదు. ఇంకొకటి కూడా తేలలేదు. చర్చిలో అందరూ ఆమెను 'సిస్టర్' అంటారు. ఇతను మాత్రం ఎప్పుడూ అనడు. 'వినుండ్రి' అంటాడు, లేదా గొంతు సవరించుకుని నిలబడతాడు.

నవంబర్లో అతను అడిగింది వింటే ఆమె గుండె కొంచెం జారింది.

"ఆడోళ్ల చెప్పులు. ఆరో నంబర్. మెత్తటి అడుగుది."

"ఎవరికి?"

"ఒకరికి." చెవుల దాకా ఎర్రబడ్డాడు.

షెకినా ఆర్డర్ పెట్టింది. కానీ బటన్ నొక్కేటప్పుడు వేలు అవసరానికన్నా గట్టిగా నొక్కింది. ఆ ఆదివారం ప్రార్థన అంతసేపూ ఆమె ఆడవాళ్ల కాళ్లే చూసింది. ఆరో నంబరు కాళ్లు ఎవరివో పోల్చుకోలేకపోయింది.

డిసెంబరు మొదటివారంలో ఇంటి ఓనరు శరణమ్మ వచ్చి కూర్చుంది.

"ఇల్లు అమ్ముతున్న బిడ్డా. ఇరవై రెండేండ్ల కెళ్లి ఉన్నరు, మీరే కొంటమంటె మీకే ఇస్త. ఈస్టర్ దాకా ఆగుత. ఆ తర్వాత బయట పార్టీ ఉన్నది."

షెకినా తల్లి సారా కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి గోడల వైపు చూసింది. భర్త పోయాక ఆ కిటికీ దగ్గరే కూర్చుని, జాకెట్లు కుట్టి కూతుర్ని చదివించింది. ఎట్లాగైనా ఈ ఇల్లు కొనాలని షెకినా ఆ క్షణంలోనే అనుకుంది.

ఇంటి లోను అడగడానికి పోతే బ్యాంకులో మేనేజరమ్మ కంప్యూటర్ చూసి పెదవి విరిచింది.

"అప్పులు ఎట్ల కడతరో చూసి ఇచ్చే సిబిల్ స్కోరు మీది ఆరు వందల అరవై ఎనిమిది. మా దగ్గర ఏడు వందల యాభై ఉండాలె."

"ఒక్క నెల కూడ లేటు కట్టలే మేడం!"

"కట్టలేదమ్మా, నిజమే. కానీ అరవై వేల లిమిట్‌లో నెలనెలా యాభై ఏడు వేలు వాడుతున్నరు. మీ జీతమేమో ముప్పై. చూసేవాళ్లకు ఏమనిపిస్తది? కార్డు లేనిదే ఈమెకు పూట గడవదు అనిపిస్తది. మూడో వంతు లోపలే వాడండి, నాలుగు నెలలు."

అది విని ఊరుకుంటే బాగుండేది. షెకినా కంగారులో బస్టాండు దగ్గర గొడుగు వేసుకుని కార్డులు అంటగట్టేవాళ్ల దగ్గర ఒకేసారి మూడు కార్డులకు అప్లికేషన్ పెట్టింది. మొత్తం లిమిట్ పెరిగితే వాడకం తక్కువ కనబడుతుందని ఆమె లెక్క. మూడింటిలో ఒక్కటీ రాలేదు. మూడు బ్యాంకులు ఒకే వారంలో ఆమె సంగతి ఆరా తీసినందుకు స్కోరు ఇంకో పదిహేను తగ్గింది.

ఆ సాయంత్రమే క్రిస్టోఫర్ వచ్చాడు. "బిడ్డా, మా పిల్లకు లాప్‌టాప్ కావాలె."

"అట్లనే బాబాయ్," అంది షెకినా నోరు. మనసు లోపల లబోదిబోమంది.

క్రిస్మస్ అయిపోయింది. ఆ తర్వాత విచిత్రం జరిగింది. ఎవ్వరూ రావడం మానేశారు. క్రిస్టోఫర్ రాలేదు. కమలాబాయి రాలేదు. నథానియేల్ అసలే రాలేదు. ఖాళీ గుమ్మం చూస్తే స్కోరు గురించి సంతోషపడాలి గానీ, షెకినాకు ఒకే ఆలోచన. వీడికి వేరే కార్డు దొరికిందా? ఆ ఆరో నంబరు కాళ్లదానికి కార్డు ఉందా?

చర్చి బయట క్రిస్టోఫర్‌ను పట్టుకుని అడిగింది.

"లాప్‌టాప్ ఏమైంది బాబాయ్?"

"దుకాణంల కిస్తుల మీద తీసుకున్న బిడ్డా. నథానియేల్ ఇంటింటికి తిరిగి చెప్పిండు గదా, షెకినా కార్డు ఎవ్వరు అడగొద్దని. నీకు తెల్వదా?"

తెలియదు. తెలిసిన పావుగంటలో షెకినా చౌబారా వెనక సందులో ఉంది.

దుకాణంలో బల్ల మీద ఒక పాత హార్మోనియం పొట్ట విప్పుకుని పడుకుని ఉంది. అంచుల వెంట ఎర్ర ఫెల్ట్ గుడ్డ. నథానియేల్ పండ్ల అద్దాన్ని దాని లోపల పెట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"హార్మోనియమా!" షెకినా కోపం కాసేపు పక్కకు జరిగింది. "ఏమున్నది లోపల?"

"ఇత్తడి రీడ్లు. బసవకళ్యాణ్ భజన మండలిది. ఎలుక కొరికింది. అద్దం లేకుంటె వెనక వరస కనవడదు. చూస్తరా?"

వంగి చూసింది. సన్నటి ఇత్తడి పలకలు వరసగా మెరుస్తున్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంది. అంతలో గుర్తొచ్చింది.

"ఆగు. నేను కొట్లాడనీకె వచ్చిన."

"కూసొని కొట్లాడుండ్రి," అని స్టూలు జరిపాడు.

"నా కార్డు అడగొద్దని చెప్పనీకె నువ్వెవరు?"

"సారమ్మ ఇంటి ముచ్చట చెప్పింది. స్కోరు సంగతి కూడ. మీరేమో ఎవరినీ కాదనరు. అందుకే..."

"అందుకే నువ్వు అంటవా? గల్లీల నా ఇజ్జత్ ఏం గావాలె? నేను మునిగిపోయిననుకుంటుండ్రు అందరు. కాదనేది ఉంటె నేననాలె. నా నోటితోని."

నథానియేల్ అద్దం బల్ల మీద పెట్టేశాడు. సమర్థించుకోలేదు.

"తప్పయింది. గంత దూరం ఆలోచన చేయలే."

ఇట్లా వెంటనే ఒప్పుకునేవాళ్లతో కొట్లాట సాగదు. షెకినా మాట మార్చబోయి, అడగకూడదనుకున్నదే అడిగేసింది.

"వేరే కార్డు దొరికిందా నీకు?"

"నాదే." జేబులోంచి తీసి చూపించాడు. "ఇరవై వేలు ఫిక్స్‌డ్ వేస్తె దాని మీద ఇచ్చిండ్రు. ఇప్పటి దాకా ఎక్కడా అప్పు తీసుకోలే గదా, నేను మంచోన్నో చెడ్డోన్నో బ్యాంకుకు తెల్వనే తెల్వదట. నెలకు రెండు మూడు వేలు వాడుతున్న, బిల్లు రాంగనే మొత్తం కడుతున్న."

"ఒకటి చెప్పు. ఆ అద్దం నూట నలభై. ఫోన్‌ల కెళ్లి యూపీఐ కొడితె రాదా?"

"వస్తది."

"మరి?"

"మీ ఇంటికి రానీకె వేరే సాకు దొరకలే."

షెకినా తల తిప్పుకుంది. తిప్పుకున్న వైపే అరమీద ఆ చెప్పుల డబ్బా కనబడింది. మీద టేపు కూడా తీయలేదు.

"అవి ఎవరియి?"

నథానియేల్ డబ్బా దించి ఆమె ముందు పెట్టాడు. "పొద్దంతా నిలవడి పని చేస్తరు గదా. చర్చి బయట ఇడిచినప్పుడు చూసిన, మీ చెప్పులు మడిమె కాడ అరిగినయి. ఇయ్యనీకె ధైర్యం చాలలే."

"నాకు గిఫ్టు... నా కార్డు మీదనే కొన్నవా?"

"పైసలు ఇచ్చిన గదా!"

"స్కోరు నాది పాయె గదా!"

ఇద్దరూ ఎంత నవ్వారంటే పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు. చెప్పులు సరిపోయాయి. ఆదివారం అంతా ఊరందరి కాళ్లు చూసిన పిల్ల తన కాళ్లు చూసుకోవడం మరచిపోయింది.

మర్నాటి నుంచి షెకినా పని మొదలుపెట్టింది. తనే ఇంటింటికీ పోయి, "కార్డు అడుగుండ్రి, నేనే జవాబు చెప్త," అని చెప్పి వచ్చింది. మొదటి జవాబు కమలాబాయి మీద పడింది.

"ఫ్రిజ్ కావాలె షెకినా."

షెకినా కళ్లు మూసుకుని అనేసింది. "కాదత్తా. ఇల్లు కొనేదున్నది. కార్డు ఎవ్వరికి ఇస్తలేను."

కమలాబాయి రెండు వారాలు ముఖం చూపించలేదు. మూడో వారం ఒక ఫారం పట్టుకుని వచ్చింది. "మరి నాకే ఒక కార్డు తీసుకోవాల్నంటె ఏది మంచిది?" ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు షెకినా వాకిట్లో చిన్న బడి నడిచింది. ఫీజు లేనిది చూడు. ఒక్కటే పెట్టుకో. కింద రాసిన మినిమం కట్టి చేతులు దులుపుకోకు, మొత్తం కట్టు. నథానియేల్ అడగకుండానే వచ్చి చాప పరిచేవాడు.

ఫిబ్రవరిలో స్కోరు ఆరు వందల తొంభై దాటింది. మార్చి మొదట్లో ఏడు వందల ఇరవై నాలుగు. అక్కడ ఆగిపోతుందేమోనని సారా ఉపవాస ప్రార్థన పెట్టింది. నెలాఖరుకు ఏడు వందల యాభై ఎనిమిది. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ఇంకా రెండు రోజులుందనగా లోన్ మంజూరైంది.

బ్యాంకు మెట్లు దిగాక షెకినా ఇంటి దారి పట్టాలి. కాళ్లు చౌబారా వైపు నడిచాయి. తల్లి కన్నా ముందు ఇతనికి చెప్పాలనిపించిందంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. అర్థమై భయం వేయలేదు, హాయిగా అనిపించింది.

"వచ్చింది నథానియేల్! ఇల్లు మాదే!"

అతని ముఖం వెలిగిపోయింది. ఏదో అనబోయి, గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి అడగాలె. డిసెంబర్లనే అడగాల్సింది, ఆపుకున్న."

"ఎందుకు?"

"అప్పుడు మీరు అందరికి సరేననేటోళ్లు. నాకు కూడ సరేనంటె, గది మీ మనసుల మాటనో కాదో నాకెట్ల తెలుస్తది? మీకు కాదనడం వచ్చినంక అడుగుదామనుకున్న." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను పెండ్లి చేసుకుంటరా? ఇష్టం లేకుంటె కాదనుండ్రి. నేనేమనుకోను."

షెకినాను ఇన్నాళ్లూ ఎంతోమంది ఎన్నో అడిగారు. కాదనే దారి తెరిచి ఉంచి అడిగినవాడు ఇతనొక్కడే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆలోచన చేసి చెప్త," అని బయటికి నడిచింది. నథానియేల్ పాలిపోయి స్టూలు మీద కూలబడ్డాడు.

చౌబారా చుట్టూ ఒకసారి తిరిగి, ఐదు నిమిషాల్లో ఆమె మళ్లీ గుమ్మంలో నిలబడింది.

"ఆలోచన చేసిన. నాకు ఇష్టమే. మా అమ్మను మాత్రం నువ్వే వచ్చి అడుగు."