పోతయ్య పెట్టిన పత్యం

పొద్దున్నే పోతయ్య గంజి కాస్తుంటే ఆ ఇంట్లో ఎవరూ పలకరించకూడదు. పలచబడితే కాసమ్మకి వాంతి అవుతుంది, చిక్కబడితే కడుపులో మంట పుడుతుంది అని ఆయన నమ్మకం. జన్మలో టీ కూడా పెట్టుకోని మనిషి. గోపాల్‌పూర్ ఒడ్డున పడవ నడిపిన రోజుల్లో తిన్న కంచం తిన్నచోటే వదిలేసి లేచిపోయేవాడు. అలాంటివాడు పెళ్ళానికి జబ్బు చేసిన దగ్గర్నుంచి తువ్వాలు నడుముకి బిగించి వంటింటిని ఏలుతున్నాడు. కూతురు బేబీని గరిటె కూడా ముట్టనివ్వడు.

కాసమ్మకి వచ్చింది పాంక్రియాస్ క్యాన్సర్. ఆ పేరు వినేదాకా కడుపులో అలాంటి భాగం ఒకటుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆపరేషన్‌కి వీల్లేదనీ, కీమో ఎక్కిస్తూ అదుపులో పెడదామనీ బరంపురంలో డాక్టరు గారు చెప్పారు. పోతయ్య చెవిలో పడింది ఒక్క ‘అదుపు’ అన్న మాటే. సూదులూ సెలైన్లూ తన చేతిలో లేవు. తిండి మాత్రం ఉంది. ఇంటికొచ్చిన రోజే పత్యం మొదలుపెట్టాడు. నూనె లేదు, కారం లేదు, పప్పు లేదు. చేప పేరెత్తడానికే లేదు. పక్కింట్లో ఎవరైనా కవళ్ళ చేపలు వేపితే ఆ వాసన కాసమ్మకి పడదని పరుగున వెళ్ళి కిటికీ మూసేసేవాడు. ఆవిడ ఒళ్ళు అరిగేదాకా తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాదు.

మందుల విషయంలో మరీ నిష్ఠ. అన్నంతో పాటు వేసుకోమన్న కాప్సూళ్ళని కూడా పరగడుపునే మింగించి, ‘మందు పట్టాలి’ అని చాలాసేపు ఏమీ పెట్టేవాడు కాదు. మందుకి మెతుకు తగిలితే గుణం పోతుందని వాళ్ళమ్మ చిన్నప్పుడు నేర్పిన పాఠం.

ఇంత చేసినా కాసమ్మ రోజురోజుకీ చిక్కిపోతోంది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. పోయినసారి బరువు చూసి డాక్టరు గారు మొహం మార్చుకున్నారు. ఇంకా తగ్గితే ఒళ్ళు కీమోని తట్టుకోలేదు, ఆపెయ్యాల్సి వస్తుందని చెప్పారు. మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు దగ్గరకొచ్చేసింది. పోతయ్య భయపడ్డాడు. భయపడి పత్యం ఇంకా బిగించాడు.

“లే కాసమ్మా, యేడిగా ఉంది, తాగు.”

“తాగుతాన్లే మావా.”

“ఉప్పు సరిపోనాదా?”

“సరిపోనాది.”

గిన్నె అడుగున మిగిలింది తాను తాగినప్పుడు గానీ ఆయనకి తెలియలేదు, అందులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాడని. జబ్బు మనిషికి రుచి తెలియదు కాబోలు అనుకుని, గిన్నె పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

పెరట్లో బేబీ నూతి గట్టు మీద కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. మొగుడు కేరళలో బోటు పనికి పోతే అది తల్లి దగ్గరే ఉంటోంది. ఫోన్లోంచి ఎవరో ఆడమనిషి గొంతు స్పష్టంగా వినిపించింది. “మీ అమ్మగారికి విరేచనం జిడ్డుగా, నీళ్ళ మీద తేలినట్టు అవుతోందన్నావు కదమ్మా…”

పోతయ్య చేతిలో గిన్నె ఠంగుమని కిందపడింది.

“ఎవులే అది?”

బేబీ ఉలిక్కిపడి ఫోను కట్టేసి లేచింది. “అస్కా ఊరి టీచరమ్మ నాన్నా. విజయకుమారి గారు.”

“మీ యమ్మ దొడ్డికెల్లిన సంగతి అస్కా టీచరమ్మకెందుకే?”

“ఆవిడికీ ఇదే జబ్బు. ఇలాటోల్లందరం ఫోన్లో ఒక గ్రూపు కట్టుకున్నాం. బంజనగరోల్లున్నారు, కటకోల్లున్నారు…”

“ఓహో! అయితే మనింటి గుట్టు కటకం దాకా ఎల్లిపోనాదన్నమాట. ఇంకా ఎక్కడెక్కడ సాటింపేసినావు?”

“గుట్టేటి నాన్నా? అది జబ్బు. జబ్బుకేటి సిగ్గు?”

“నోరుముయ్! ఇంట్లో మనిసి మంచాన పడుంటే ఊరూపేరూ తెల్నోల్లతో కబుర్లా? నాను సూడనేదా? నాను సెయ్యనేదా?”

బేబీకి కూడా ఒక్కసారిగా ఉక్రోషం పొంగింది. “సేస్తన్నావు. తలుపేసుకుని గంజి కాస్తన్నావు. ఎవుల్నైనా ఒక్క మాటడిగినావా? అమ్మ సగమైపోనాది నాన్నా. నాకు బయమేస్తంది. నీతో అంటే కసురుతావు. అమ్మతో అననేను. మరి నాను ఎవుల్తో సెప్పుకోవాల?”

అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోతయ్య కిందపడ్డ గిన్నె తీసి నూతి గట్టు మీద పెట్టాడు. కూతురికి కూడా భయం ఉంటుందని ఇన్నాళ్ళూ తోచలేదాయనకి. భయపడే హక్కు ఇంట్లో తన ఒక్కడిదే అనుకున్నాడు.

బేబీ కళ్ళు తుడుచుకుని మళ్ళీ అస్కాకి ఫోను కలిపి, నాన్న కోప్పడుతున్నాడని రెండు ముక్కల్లో చెప్పింది. స్పీకరు పెట్టి నూతి గట్టు మీద ఉంచింది.

“నమస్కారం అన్నయ్యగారూ,” అంది విజయకుమారి గొంతు. జబ్బు మనిషి గొంతులా లేదు, బళ్ళో పిల్లల్ని అదలించే గొంతులా నిక్కచ్చిగా ఉంది. “అమ్మాయిని తిట్టకండి. మొదట్లో మా ఆయన కూడా నా చేతిలో ఫోను లాక్కున్నారు. ఒక్క సంగతి చెప్పండి చాలు. భోజనంతో వేసుకునే కాప్సూలు ఎప్పుడిస్తున్నారు?”

ఈ ప్రశ్నకి పోతయ్య తడుముకోలేదు. పైగా కాస్త గర్వం కూడా తొంగిచూసింది. “పరగడుపునే అమ్మా. మెతుకు తగల్నివ్వను. మందు బాగా పట్టినాకే గంజి ఇస్తాను. పత్యం కూడా గట్టిగా సేస్తన్నాను. నూని సుక్క నేదు, సేప ముక్క నేదు.”

విజయకుమారి గొంతు తగ్గించింది.

“అన్నయ్యగారూ, తిన్న తిండి అరగడానికి కడుపులో ఒక రసం ఊరాలి. ఊరించేది ఆ పాంక్రియాసే. అది దెబ్బతింటే ఏం తిన్నా ఒంటికి పట్టదు, అలాగే బయటికి పోతుంది. అందుకే ఆ రసాన్ని కాప్సూల్లో పెట్టి ఇస్తున్నారు. అది అన్నంతో కలవాలి. మొదటి ముద్దతోనే మింగాలి. ముందెప్పుడో వేసేస్తే అన్నం వచ్చేసరికి మందు దాటిపోతుంది.”

“అయితే ఇన్నాల్లూ నాను ఇచ్చినవి…?”

“వాటి పని అవి చెయ్యలేకపోయాయి. కానీ నా మాట మీద ఏదీ మార్చకండి, నేను డాక్టర్ని కాను. రేపే ఆసుపత్రికెళ్ళి అడగండి. తిండి సంగతి చెప్పడానికి అక్కడ డైటీషియన్ ఉంటుంది. మీ పత్యం గురించీ అడగండి.”

పత్యం మాట వచ్చేసరికి పోతయ్యకి మళ్ళీ రోషం వచ్చింది. “పత్యం నేకుండా జబ్బెలా లొంగుద్దమ్మా? అయినా దానికి ఆకలెక్కడుంది? జబ్బు దాని ఆకలంతా మింగేసినాది.”

“నాకు ఆకలేస్తంది మావా.”

గడప మీద కాసమ్మ నిలబడి ఉంది. గోడ పట్టుకుని ఎప్పుడొచ్చిందో.

“రోజూ ఏస్తంది,” అంది. “గంజి తాగినాకా ఏస్తంది. పక్కింట్లో కవల్లు ఏపుతుంటే పేణం లాగేస్తంది. నువ్వెల్లి కిటికీ ఏసేస్తావు.”

“మరి… మరి సెప్పవేటే?”

“ఏటని సెప్పాల? ఎప్పుడూ పొయ్యి మొకం సూడనోడివి, సేతులు కాల్చుకుని కాసి తెస్తన్నావు. నాను తాగుతుంటే గిన్ని వొంకే సూస్తుంటావు. ఇది సాల్నేదంటే నీ మనసు ఇరిగిపోదా?” కాసమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. “నీ కోసమే తాగుతన్నాను మావా.”

పోతయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. జబ్బుతో పోట్లాడుతున్నానని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. దాని పక్కన నిలబడి గరిటెతో సాయం చేస్తున్నానని ఇప్పుడు తెలిసింది. తుపానులో పడవ తిరగబడినప్పుడు కూడా ఏడవని మనిషి, కూతురి ముందు, ఫోన్లో ఉన్న పరాయి మనిషి వింటుండగా, మోకాళ్ళలో తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో ఆయనకి అప్పుడు అర్థమైంది.

మర్నాడే ముగ్గురూ బరంపురం వెళ్ళారు. డైటీషియన్ చిన్నపిల్ల, పేరు స్మిత. పోతయ్య తాను చేసిందంతా దాచకుండా ఒడియాలో చెప్పుకుని, చివాట్లకి సిద్ధపడి తల దించుకున్నాడు. ఆ పిల్ల చివాట్లు పెట్టలేదు. చాలామంది ఇలాగే పొరపడతారనీ, డాక్టరు రాసింది భోజనంతో పాటేననీ చెప్పి, మొదటి ముద్దతో ఎలా మింగాలో, పెద్ద భోజనమైతే మధ్యలో ఎలా వేసుకోవాలో చూపించింది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమంది. గుడ్డు తినొచ్చంది, పప్పు తినొచ్చంది, నూనె మానక్కర్లేదంది.

“మరి సేపో?” అని పోతయ్య అడిగాడు.

“తప్పకుండా పెట్టండి,” అంది స్మిత నవ్వుతూ.

ఆ సాయంత్రం ఒడ్డుకెళ్ళి చేప తెచ్చి, కూర తానే వండుతానని పట్టుబట్టాడు. కాసమ్మ పీట వేసుకుని గుమ్మంలో కూర్చుని అజమాయిషీ చేసింది. “పసుపెయ్యి… సింతపండు అంతొద్దు… ఓలమ్మో, అలా కెలికేస్తే ముక్కేటి మిగుల్తాది?” కంచంలో కాస్త అన్నం, చిన్న ముక్క, పక్కన కాప్సూలు పెట్టాడు. మొదటి ముద్దతో ఆవిడ మందు మింగింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

“ఉప్పెక్కువైపోనాది మావా.”

బేబీ భయపడుతూ తండ్రి వైపు చూసింది. పోతయ్య మొహం వెలిగిపోతోంది. కాసమ్మ వంక పెట్టింది! ఇన్నాళ్ళకి ఆయనతో ఒక నిజం చెప్పింది.

అంతటితో జబ్బు పారిపోలేదు. అది ఎక్కడికీ పోదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కానీ విరేచనాలు సర్దుకున్నాయి, నడుస్తుంటే కాళ్ళు వణకడం తగ్గింది. ఆసుపత్రిలో బరువు చూసేటప్పుడు పోతయ్య కళ్ళు మూసుకున్నాడు. తగ్గలేదన్నారు. ఆ పై సారి కాస్త పెరిగింది కూడా. కీమో ఆపక్కర్లేదని డాక్టరు గారు చెప్పగానే ఆయన గుండెల మీది బరువు దిగిపోయి, బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఊరికే నవ్వుతూ ఉండిపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బేబీ ఫోన్లో గ్రూపు తెరిచింది. హుమ్మ ఊరి నుంచి అప్పలరాజు అనే ఆయన కొత్తగా చేరాడు. తడబడుతూ మాట రికార్డు చేసి పెట్టాడు. “మా ఆడదానికి ఇదే జబ్బని సెప్పినారు. సిక్కిపోతంది. నాను దగ్గరుండి రాగంబలి తప్ప ఏదీ ముట్టనివ్వట్నేదు. ఏటి సెయ్యాలో తోసట్నేదు…”

పోతయ్య చెయ్యి చాచాడు. “ఇలాగియ్యే.”

“నువ్వా నాన్నా?”

“ఎక్కడ నొక్కాలో సూపించు.”

బేబీ చూపించింది. ఆయన గొంతు సవరించుకుని ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“తమ్ముడూ, నాను గోపాల్‌పూర్ పోతయ్యని. మా ఇంటిదానికీ ఇదే. మందుల సంగతి డాక్టర్ని అడుగు, ఏటి అడగాలో మా టీచరమ్మ సెప్తాది. నాను ఒక్కటే అడుగుతన్నాను. ‘నీకు ఆకలేస్తందా’ అని ఆ మనిసిని ఒక్కసారైనా అడిగినావా? ఇప్పుడే ఎల్లి అడుగు. అడిగొచ్చి సెప్పు. నాను ఇక్కడే ఉంటాను.”