సూదిచిల్లుల తల్లి

ఆ ఇంటి ముందుగదికి రెండు కిటికీలున్నాయి గానీ, అవి తెరుచుకుని ఏళ్లయింది. వెలుతురు తగిలితే పాత కాగితం పాడవుతుందని కాగితాలాయన భయం. వీధిలో అందరూ ఆయన్ని పిలిచే పేరే అది. రాజుల కొలువుల్లో చిత్రకారులు గీసిన పాత బొమ్మలు పోగుచేయడం ఆయన పిచ్చి. “ఈ ఇంట్లో కాపురం ఆ కాగితాలది, మనమే అద్దెకుంటున్నాం” అనేది భార్య.

వాటిలో ఒకటి సూదిచిల్లుల బొమ్మ. వెనకటికి కొలువులో ఒక బొమ్మకు నకలు కావాలంటే, గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి పైన బొగ్గుపొడి మూటతో అద్దేవారు. కింది కాగితం మీద చుక్కలుగా బొమ్మ దిగేది. ఈ బొమ్మలో ఒక తల్లి కుడిచేత్తో కొడుకు చేయి పట్టుకుని, ఎడమచేతిలో పువ్వుతో నిలబడి ఉంటుంది. చిరిగిన కాగితాలు అతికే తాత ఒకాయన, కాగితాలాయనకు ఈ విద్యలో ఓనమాలు దిద్దించినవాడు, పోయేముందు దాన్ని ఆయన చేతిలో పెట్టాడు.

“తల్లికీ బిడ్డకీ మధ్య కత్తి పెట్టకు నాయనా.”

“ఎందుకు పెడతాను తాతా?”

పెట్టాడు. కళ్లజోడు అని పిలుచుకునే స్నేహితుడి దగ్గర ఒక ఏనుగు బొమ్మ ఉంది. దాని మీద ఈయనకు ఎప్పటినుంచో కన్ను. “నాకు పిల్లాడొక్కడు చాలు, ఏనుగు నువ్వు తీసుకో” అన్నాడు కళ్లజోడు. స్కేలు పెట్టి బ్లేడుతో ఒక్క కోత. తల్లి వేళ్ల దగ్గర తెగింది. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. భార్యకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

పదోరోజు మధ్యాహ్నం ఒకటే వాన. భార్య పనికి వెళ్లింది. బడి లేదని వాళ్ల ఐదేళ్ల పాప ముందుగదిలో చాప మీద పడుకుంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. తడిగోడల వాసనలో ఎక్కడినుంచో బొగ్గు వాసన కలిసింది.

టిక్... టిక్... టిక్...

చినుకులనుకున్నాడు. చినుకు అంత ఓపిగ్గా పడదు. కాగితంలో సూది దిగే చప్పుడది.

“నాన్నా...” పాప గుసగుసగా అంది. “చెయ్యి గుచ్చుతోంది.”

టార్చి వేశాడు. పాప కుడి మణికట్టు చుట్టూ నల్లటి చుక్కలు... ఐదు వేళ్ల ఆకారంలో. తుడిచాడు. పోలేదు. తడిగుడ్డతో రుద్దాడు. పోలేదు.

అవి బొమ్మలో తల్లి వేళ్లే. తప్పు తనది. పట్టుకున్నది పాపని.

“నీ ఏనుగు నువ్వు తీసుకుపో,” అన్నాడు ఫోన్‌లో. “పిల్లాణ్ణి తెచ్చివ్వు. ఇప్పుడే!”

కళ్లజోడు తడుస్తూ వచ్చాడు. వేళాకోళమాడబోయి, పాప చేయి చూసి గబగబా పిల్లాడి ముక్క తీసిచ్చాడు. కాగితాలాయన రెండు ముక్కలనూ చేర్చి జిగురుతో అతికాడు. “తప్పయిపోయిందమ్మా... నా బిడ్డను వదిలెయ్” అని ఏడ్చేశాడు. చూస్తుండగానే పాప మణికట్టు మీద చుక్కలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. చప్పుడు ఆగింది. కళ్లజోడు ఏనుగును కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చింది. అప్పుడు బొమ్మను సరిగ్గా చూశాడు. కొడుకు చేయి తల్లి కుడిచేతిలో భద్రంగా ఉంది. ఎడమచేతిలో మాత్రం పువ్వు లేదు. ఆ చేయి చాచి ఉంది... వేళ్లు విప్పి.

చాప మీద పాప తన గుప్పిలి తెరిచింది. అరచేతిలో నల్లటి చుక్కలతో ఒక పువ్వు.

“ఆమే ఇచ్చింది నాన్నా,” అంది మెల్లగా. “ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది, వస్తావా అంది.”

టిక్...