గడియారాలవాడి గొంతు

మొదటి రోజే నేను ఆ అమ్మాయి కడుపు మీద కంప్లైంట్ చేశాను.

"మేడమ్, మీ కడుపు అరుస్తోంది. మైకులో పడుతోంది," అన్నాను అద్దం ఇవతల నుంచి.

అద్దం అవతల చిన్న గదిలో మైకు ముందు కూర్చున్న ఆమె, పుస్తకంలోంచి తలెత్తి నన్ను చూసింది. ఆ చూపుకి నా హెడ్‌ఫోన్స్ వేడెక్కాయి.

"ఇంజనీరు గారూ, ఆకలేస్తే అరవక పాటలు పాడుతుందా?"

మర్నాటి నుంచి ఆమె కుర్చీ పక్కన ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టడం మొదలుపెట్టాను. రికార్డింగ్ బాగా రావాలి కదా. అప్పట్లో నిజంగానే కారణం అదే.

మా స్టూడియోలో చూపు లేనివాళ్ల కోసం పాత ఇంగ్లీషు నవలల్ని తెలుగులో చదివి రికార్డు చేస్తాం. చదివేది ఆమె. అక్కర్లేని చప్పుళ్లు కోసేసేది నేను. రోజూ చివర్లో ఇద్దరం ముప్పై సెకన్లు నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి, దగ్గులు కోసిన చోటల్లా అతికిస్తాను. ఆ ముప్పై సెకన్లూ ఆమె పుస్తకం అట్ట వంక చూసేది, నేను శబ్దం కొలిచే మీటరు వంక చూసేవాణ్ణి. మేం చూసిన చూపులకి ఆ అట్టకీ మీటరుకీ దిష్టి తగిలే ఉంటుంది.

మూడో నవలకొచ్చేసరికి మా మధ్య వాదన మొదలైంది. అందులో ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిలు. ఒకడు గుర్రమెక్కి వచ్చే అందగాడు. వాడు చెయ్యి పట్టుకుంటే చాలు, ఆ పిల్లకి రెండు పేజీల దాకా ఒళ్లు తెలియదు. రెండోవాడు గడియారాలు బాగుచేసే స్నేహితుడు. వర్షంలో ఆమెతో పాటు మైళ్లకి మైళ్లు నడుస్తాడు, పుస్తకాలిస్తాడు, అంతకు మించి ఏమీ చెయ్యడు.

"చివరికి గడియారాలవాణ్ణే చేసుకోవాలి," అన్నాను టీ వేళ. "మోజు ఆర్నెల్లే. ఆ తర్వాత కబుర్లు చెప్పుకోడానికి మనిషి కావాలి."

"ఈ నవలలన్నీ ఇంతే," అంది ఆమె విసుగ్గా. "అందగాడు ఇరవయ్యో అధ్యాయానికల్లా మోసగాడైపోవాలి. పిల్లకి జ్వరం రావాలి. స్నేహితుడు మందు పట్టుకొచ్చి నిలబడాలి. అప్పుడు ఆమెకి బుద్ధొచ్చి అతన్ని చేసుకోవాలి. అతన్ని చూస్తే ఆమెకి ఏమీ అనిపించదా? అతని చేతులెలా ఉంటాయో ఒక్క లైను రాయరేం?"

"చేతులతో ఏం పని మేడమ్? స్నేహం ముఖ్యం."

"మీకూ అంతేనా?"

"అంతే," అన్నాను గట్టిగా.

ఆమె టీ సగంలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

నా బాధ నాది. నాది గుర్రమెక్కే మొహం కాదు. అందగాళ్ల ఎన్నికల్లో నిలబడితే డిపాజిట్ కూడా దక్కదు. స్నేహం పార్టీలో ఉంటేనే ఏదో కాస్త ఆశ. అసలు సంగతేమిటంటే, ఆమె నవ్వితే నేను మీటరు చూడటం మర్చిపోతాను. ఆ మాట ఏ మొహంతో చెప్పను?

మర్నాడు ఆమె నేను కోసి సరిచేసిన అధ్యాయం వింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"గడియారాలవాడు మాట్లాడే ముందు 'అంటే...' అని గొంతు సవరించుకుంటాడు. అలా చదివాను నేను. అదేది?"

"కోసేశాను. పుస్తకంలో లేదు కదా."

"అతను అలాగే మాట్లాడతాడు."

"పుస్తకంలో..."

"పుస్తకంలో లేకపోతే మనిషిలో లేనట్టేనా?" ఆమె పుస్తకం మూసేసింది. "వేరే ఊళ్లో పెద్ద స్టూడియోవాళ్లు పిలుస్తున్నారు. ఈ నవల అయ్యాక చెప్తానన్నాను. ఇంక ఆలోచించేదేముంది, వెళ్తాను."

"అంటే... మంచి అవకాశం," అన్నాను. నా నోరు అలాంటిది.

ఇంట్లో ఉండేది నేనూ నానమ్మా. ఆవిడకి చూపు పోయి నాలుగేళ్లయింది. మా రికార్డింగులు అందరికంటే ముందు వినేది ఆవిడే. ఆ సాయంత్రం పరధ్యానంలో, కోసిన ఫైలుకి బదులు కోయనిది పెట్టాను. కాసేపటికి గదిలోంచి నవ్వు వినిపించింది.

"ఒరేయ్, ఇందులో నువ్వెప్పుడు చదివావురా?"

"నేనెందుకు చదువుతాను? చదివేది ఆ అమ్మాయి."

"మరి ఈ గడియారాలవాడు నువ్వే కదరా. 'అంటే...' అని నసగడం, మాట చివర మింగెయ్యడం. మీ తాతయ్యా ఇంతే. పెళ్లి మాట అడగడానికి రెండేళ్లు నన్ను రోడ్లన్నీ నడిపించాడు."

మళ్లీ విన్నాను. నేనే. అందరి గొంతుల్లో దగ్గునీ తుమ్మునీ పట్టుకునే నేను నా గొంతు పోల్చుకోలేకపోయాను. నెల రోజులుగా ఆమె నన్ను చదువుతుంటే, నన్ను నేనే కోసి పారేస్తున్నాను.

"వేళాకోళం చేస్తోందేమో నానమ్మా."

"వేళాకోళమైతే గొంతు ఇంత మెత్తగా రాదు. వెళ్లి అడుగు. నీలాంటి మింగుడుగాడితో నేనొక్కదాన్నీ వేగలేను. నాకూ కబుర్లకి మనిషి కావాలి."

ఆఖరి రోజు. బయట వాన దంచేస్తోంది, మా గదుల్లోకి మాత్రం చినుకు చప్పుడు కూడా రాదు. ఆమె తడి జుట్టుతో వచ్చి కూర్చుంది. చివరి అధ్యాయంలో గడియారాలవాడు మనసు విప్పుతాడు. ఆమె దాన్ని బస్సు టైములు చదివినట్టు చదివేసింది.

నా మాట లోపలికి వినిపించే బటన్ నొక్కాను. "ఇంకోసారి చదువుదాం మేడమ్. ఆ 'అంటే' పెట్టి."

"కోసేస్తారుగా."

"కొయ్యను. పొద్దున్నే వచ్చి పాతవన్నీ కూడా తిరిగి అతికించాను."

ఆమె పేజీ వెనక్కి తిప్పింది. తర్వాత చదివింది. ఈసారి నాకు నా గొంతు స్పష్టంగా వినిపించింది.

ఇక నిశ్శబ్దం మిగిలింది. ముప్పై సెకన్లు. ఆమె అట్ట చూడలేదు, నేను మీటరు చూడలేదు. ఆమె చూపు ముందు నా చేతుల మీద ఆగింది, తర్వాత మొహం మీదికి వచ్చింది. ఇరవయ్యో సెకనులో ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"పాడైపోయింది," అంది. "ఇంకోసారి తీసుకోండి."

"అంటే..." గొంతు సవరించుకున్నాను. "మీరు నవ్వితే నేను మీటరు చూడటం మర్చిపోతాను. చాలా రోజులుగా ఇంతే. స్నేహం స్నేహం అన్నది, అందగాణ్ణి కాదన్న భయంతో. వెళ్లొద్దు మీరు."

ఆమె మైకు దగ్గరికి వంగింది. "మీ చేతులు చాలా బాగుంటాయి. ఈ మాట అనడానికి నాకు మూడు నవలలు పట్టింది."

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి ఆ పెద్ద స్టూడియో?"

"అక్కడ బిస్కెట్లు పెట్టరట." ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఇదంతా రికార్డవుతోందా?"

"అవుతోంది."

అప్పుడే మైకులో ఆమె కడుపు అరిచింది.

అది కూడా నేను కొయ్యలేదు.